తాగి పడి తలకు దెబ్బ తగిలి ఐదేళ్లైంది, ఇప్పుడు మాటలు గుర్తుకు రావట్లేదు

మసకదారి | మొదటి రోజు, రాత్రి 2:20

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నా వయసు 34. ఐదేళ్ల కిందట ఒక స్నేహితుడి ఇంట్లో బాగా తాగి, మెట్లు దిగుతూ వెనక్కి పడ్డాను. తల వెనక భాగం మెట్టు అంచుకు తగిలింది. ఇదంతా వాళ్లు చెబితే తెలిసిందే, నాకు పడడం గుర్తే లేదు. రక్తం బాగా కారిందట. నేనే లేచి కూర్చుని "ఏం కాలేదు, పడుకుంటే తగ్గిపోతుంది" అన్నానట. వాళ్లూ తాగే ఉన్నారు. తలకు తువ్వాలు చుట్టి సోఫా మీద పడుకోబెట్టారు. పొద్దున లేచేసరికి తువ్వాలు జుట్టుకు అంటుకుపోయి ఉంది. రెండుసార్లు వాంతి అయింది. అప్పుడు ఆస్పత్రికి వెళ్తే ఏడు కుట్లు వేశారు. ఎలా తగిలిందని అడిగితే బాత్‌రూమ్‌లో జారానని చెప్పాను. తాగిన మాట ఎత్తలేదు. స్కాన్ తీయలేదు.

ఆ తర్వాత ఒక నెల తలనొప్పి, వెలుతురు పడితే చిరాకు. మెల్లగా తగ్గింది. నేనూ మర్చిపోయాను.

ఏడాదిగా మళ్లీ అదే ఆలోచన. మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. గదిలోకి వెళ్లి ఎందుకు వచ్చానా అని నిలబడిపోతాను. పోయిన వారం మీటింగ్‌లో రెండేళ్లుగా నా పక్కనే కూర్చునే మనిషి పేరు రాలేదు. చెమటలు పట్టాయి. రాత్రిళ్లు లేచి ఫోన్‌లో వెతుకుతాను, చదివిన ప్రతి జబ్బూ నాకే ఉన్నట్టు ఉంటుంది. మా పాపకు మూడేళ్లు. అది పెద్దదయ్యేసరికి నేను దాన్ని గుర్తుపడతానా అని ఒకటే టెన్షన్.

మా ఆవిడకు కూడా ఆ మచ్చ గురించి బాత్‌రూమ్ కథే చెప్పాను. ఐదేళ్ల కిందటి ఒక్క దెబ్బ ఇప్పుడు ఇలా బయటపడుతుందా? ఎవరికైనా ఇలా జరిగిందా?

చింతచెట్టు | ఉదయం 7:05

ఐదేళ్లుగా ఉద్యోగం చేసుకుంటున్నారు, ఇంత పొందిగ్గా రాశారు. మీకేం లేదు. పేర్లు నేనూ మర్చిపోతాను. ఫోన్‌లో వెతకడం మానేయండి, అదే పోతుంది.

నీలిగడప | ఉదయం 7:40

చింతచెట్టు గారూ, మీరు మంచి మనసుతోనే అన్నారని తెలుసు. కానీ మానేయమంటే మానగలిగేవారైతే రాత్రి రెండింటికి ఇక్కడికి వచ్చి రాయరు కదా. ఆయన చెప్పేది విందాం.

మసకదారి గారూ, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఇప్పుడు తాగుతున్నారా? వారంలో ఎన్ని రోజులు?

రాత్రి_డ్యూటీ | ఉదయం 9:15

నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సును, 11 ఏళ్లుగా. డాక్టర్‌ని కాదు, మిమ్మల్ని చూడకుండా మీకు ఏముందో చెప్పలేను. కానీ మీలాంటి వాళ్లను చాలామందిని చూశాను కాబట్టి రాస్తున్నాను.

మొదట ఒక ప్రశ్న. పడడం గుర్తులేదన్నారు సరే, పడక ముందు ఆఖరుగా గుర్తున్నది ఏమిటి? అది పడడానికి ఎంతసేపటి ముందు?

మసకదారి | ఉదయం 11:30

ఇంతమంది జవాబు ఇస్తారని అనుకోలేదు. ధన్యవాదాలు.

రాత్రి_డ్యూటీ అక్కా, ఆఖరుగా గుర్తున్నది బాల్కనీలో నిలబడి ఎవరితోనో ఫోన్ మాట్లాడడం. స్నేహితులను అడిగాను, అది పడడానికి దాదాపు గంటన్నర ముందట. మధ్యలో నేను అందరితో మాట్లాడానట, నవ్వానట. ఒక్క ముక్క గుర్తు లేదు. దెబ్బకు గంటన్నర చెరిగిపోయిందంటే ఎంత గట్టి దెబ్బో కదా, నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

నీలిగడప గారూ, వారానికి మూడు రోజులు. నిద్ర పట్టడానికి. ఎక్కువేం కాదు.

రాత్రి_డ్యూటీ | మధ్యాహ్నం 1:00

తమ్ముడూ, ఆ గంటన్నరను దెబ్బ ఖాతాలో వేయకు. జ్ఞాపకాలను నమోదు చేసే భాగం మెదడులో ఒకటుంది, హిప్పోక్యాంపస్ అంటారు. రక్తంలో మద్యం వేగంగా పెరిగితే అది పని ఆపేస్తుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు, కానీ ఏదీ నమోదు కాదు. తర్వాత ఎంత గింజుకున్నా గుర్తుకు రాదు, ఎందుకంటే గుర్తుకు రావడానికి అక్కడ ఏమీ ఉండదు. దెబ్బ వల్ల కూడా దానికి ముందు కొద్దిసేపు చెరిగిపోవచ్చు. కానీ నువ్వు నవ్వుతూ తిరిగిన గంటన్నర పోయిందంటే అది చాలావరకు మద్యం పనే.

అలాగని ఆ రాత్రి చిన్నదని అనను. తాగినవాడికి తలకు తగిలితే మాకే కష్టం. స్పృహ ఎంత ఉందో కొలవడానికి గ్లాస్గో స్కేల్ వాడతాం, 1974లో వచ్చింది, 3 నుంచి 15 దాకా అంకెలు. కళ్లు తెరుస్తున్నాడా, మాట సరిగ్గా ఉందా, చెప్పింది చేస్తున్నాడా అని చూస్తాం. తాగి ఉంటే మాట తడబడుతుంది, మగతగా ఉంటాడు, అంకె పడిపోతుంది. అది మద్యమా, లోపల రక్తస్రావమా? పైనుంచి చూసి చెప్పలేం. అందుకే తాగి పడ్డవాళ్లకు స్కాన్ తీయడానికి వెనకాడరు. నువ్వు బాత్‌రూమ్ అని చెప్పడం వల్ల ఆ అవకాశం పోయింది. తిట్టడం లేదు. సిగ్గుతో చాలామంది ఇదే చేస్తారు.

వేకువపిట్ట | మధ్యాహ్నం 3:20

మా నాన్నగారి సంగతి చెబుతాను. 71 ఏళ్లు, రోజూ తాగేవారు. అలమారా తలుపు తలకు తగిలింది, చిన్న బొప్పి, అంతే. అందరం మర్చిపోయాం. ఆరు వారాల తర్వాత ఎడమ కాలి చెప్పు నడుస్తుంటే జారిపోవడం మొదలైంది. మధ్యాహ్నం పూట కూడా మాట ముద్దగా వచ్చేది. తాగారనుకుని మా అమ్మ కోప్పడింది. ఆ రోజు ఆయన చుక్క కూడా ముట్టలేదు. స్కాన్‌లో మెదడుకీ పైపొరకీ మధ్య పాత రక్తం పేరుకుని ఉంది. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి తీశారు. మర్నాడు పొద్దున మమ్మల్నందరినీ పేరుపెట్టి పిలిచారు.

కాబట్టి "మీకేం లేదు" అని ఎవరికీ అనవద్దు. దయచేసి.

రాత్రి_డ్యూటీ | సాయంత్రం 4:10

వేకువపిట్ట గారూ, మీరు రాసింది చాలా ముఖ్యం. సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు దాన్ని. వయసు పైబడినా, ఏళ్ల తరబడి తాగినా మెదడు కాస్త కుంచించుకుపోతుంది. పైపొరకు అంటుకున్న సన్నటి సిరలు సాగి ఉంటాయి. చిన్న తాకిడికే తెగి, చుక్క చుక్కగా కారుతుంది. రక్తం పల్చబడే మందులు వేసుకునేవాళ్లకు ఇంకా ప్రమాదం.

కానీ మసకదారి తమ్ముడు ఇది చదివి రాత్రి మేలుకోకూడదు. ఇది వారాల్లో, కొన్ని నెలల్లో బయటపడేది. ఐదేళ్లు ఊరుకుని లేచేది కాదు. ఈ మధ్య మళ్లీ ఎక్కడైనా పడ్డావా?

మసకదారి | సాయంత్రం 6:00

లేదక్కా, మళ్లీ పడలేదు. చేతులు కాళ్లు అన్నీ బాగానే ఉన్నాయి.

కొత్తనీరు | రాత్రి 8:45

క్షమించండి, మధ్యలో దూరుతున్నాను. మా తమ్ముడు నిన్న రాత్రి తాగి బండి మీద నుంచి పడ్డాడు. కణత దగ్గర వాచింది. పొద్దున బాగానే లేచాడు, టిఫిన్ తిన్నాడు. మధ్యాహ్నం నుంచి తలనొప్పి ఎక్కువైందని పడుకున్నాడు, ఇప్పుడు లేపితే మూలిగి మళ్లీ పడుకుంటున్నాడు. హ్యాంగోవర్ అనుకోవచ్చా?

రాత్రి_డ్యూటీ | రాత్రి 8:48

అనుకోకండి. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి, పొద్దున దాకా ఆగొద్దు. బాగానే లేచి తర్వాత మగతలోకి జారడం మేం అందరికంటే ఎక్కువ భయపడే లక్షణం. తలనొప్పి పెరుగుతూ పోవడం, మళ్లీ మళ్లీ వాంతులు, ఒక కంటిపాప రెండో దానికంటే పెద్దదవడం, ఫిట్స్, ఒక పక్క బలం తగ్గడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది కారడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆగకూడదు. నొప్పికి ఆస్పిరిన్ ఇవ్వొద్దు. తినడానికి, తాగడానికి ఏమీ పెట్టొద్దు. తాగి పడ్డాడని డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి.

కొత్తనీరు | రాత్రి 11:50

స్కాన్ తీశారు. పుర్రెకూ పొరకూ మధ్య రక్తం చేరిందన్నారు, ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. బయట కూర్చున్నాం. అక్కా, మీ రుణం తీర్చుకోలేను.

పాతమచ్చ | రెండో రోజు, ఉదయం

కొత్తనీరు, మీ తమ్ముడి గురించి రాస్తూ ఉండండి.

మసకదారి అన్నా, మీ పోస్టు చదివితే నన్ను నేను చూసుకున్నట్టుంది. నేను ఆరేళ్లు బాక్సింగ్ ఆడాను. తర్వాత సీటీఈ గురించి, అంటే తలకు పదే పదే దెబ్బలు తగిలి మెదడు మెల్లగా దెబ్బతినే జబ్బు గురించి చదివి రెండేళ్లు నరకం చూశాను. బాక్సర్లలో మతి తప్పడం గురించి మార్ట్‌లాండ్ అనే డాక్టర్ 1928లోనే రాశారు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో చూశాక ప్రపంచానికి బాగా తెలిసింది. కానీ అది ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బలతో ముడిపడ్డ జబ్బు. ఖాయంగా చెప్పాలంటే మనిషి పోయాక మెదడును మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. ఫోన్‌లో లక్షణాలు చూసి తేల్చుకునేది కాదు. ఒక్కసారి మెట్ల మీద పడడం దాని కిందికి రాదు.

నాకు ధైర్యం ఇచ్చింది న్యూరోసైకాలజీ పరీక్ష. మూడు గంటలు పట్టింది. మాటల జాబితాలు చెప్పి తిరిగి అడగడం, అంకెలు వెనక నుంచి చెప్పించడం, బొమ్మలు గీయించడం. నా జ్ఞాపకం మామూలుగానే ఉందని తేలింది. శ్రద్ధ మాత్రం కుదరట్లేదన్నారు. శ్రద్ధ లేకపోతే విషయం లోపలికే వెళ్లదు, లోపలికి వెళ్లనిది మర్చిపోయామనుకుంటాం.

ఇంకొకటి. దెబ్బకు ముందు నాకు అన్నీ గుర్తుండేవని నమ్మేవాణ్ని. మా అక్క నవ్వి, "బడికి వెళ్లేటప్పుడు కూడా రోజూ నీ పెన్సిల్ పెట్టె నేనే వెతికేదాన్ని" అంది. దెబ్బ తిన్నవాళ్లు పాత రోజులను ఉన్నదానికంటే బాగా గుర్తుపెట్టుకుంటారని నాకు పరీక్ష చేసినావిడ చెప్పారు. మీరూ ఎవరినైనా అడిగి చూడండి.

నీలిగడప | రెండో రోజు, మధ్యాహ్నం

నేను తాగడం మానేసి మూడేళ్లు. నీతులు చెప్పడానికి రాలేదు, నా శరీరంలో ఏం జరిగిందో చెప్పడానికి వచ్చాను.

నేనూ నిద్ర కోసమే తాగేదాన్ని. వెంటనే పట్టేది. రెండింటికో మూడింటికో గుండె దడతో మెలకువ. మద్యం మెదడుకు బ్రేకు వేస్తుంది. అది దిగిపోతున్నప్పుడు మెదడు ఎదురు వేగం అందుకుంటుంది. నిద్ర రెండో సగం ముక్కలవుతుంది. ఆ వేళలో వచ్చే భయం మామూలు భయం కాదు, ఏది ఆలోచిస్తే దానికి అంటుకుంటుంది. మీ మొదటి పోస్టు 2:20కి రాశారు, మసకదారి గారూ. ఆ రోజు తాగారా?

చింతచెట్టు | రెండో రోజు, మధ్యాహ్నం

నేను తొందరపడి రాశాను. కొత్తనీరు గారి పోస్టు చూశాక రాత్రంతా అదే ఆలోచన. క్షమించండి.

మసకదారి | రెండో రోజు, రాత్రి 10:00

తాగాను. ఈ రోజు తాగలేదు.

పాతమచ్చ తమ్ముడూ, నీ పోస్టు నాలుగుసార్లు చదివాను. ఒక్కటి మాత్రం ఇంకా పోవట్లేదు. తలకు దెబ్బ తగిలితే డిమెన్షియా, అదే పెద్ద వయసులో మతి తప్పే జబ్బు, వచ్చే అవకాశం ఎక్కువని పెద్ద పెద్ద పత్రికల్లోనే ఉంది కదా?

అక్షరబండి | రెండో రోజు, రాత్రి 10:40

ఉంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2020లో డిమెన్షియా ముప్పు పెంచే 12 కారణాల జాబితా ఇచ్చింది, 2024లో అది 14 అయింది. తలకు దెబ్బ అందులో ఉంది. అదే జాబితాలో బీపీ, షుగర్, వినికిడి తగ్గడం, డిప్రెషన్, వ్యాయామం లేకపోవడం, అతిగా తాగడం కూడా ఉన్నాయి. జాబితా చెప్పేది జనం మొత్తంలో ముప్పు ఎంత అని. ఫలానా మనిషికి వచ్చి తీరుతుందని కాదు. పడిన దెబ్బను వెనక్కి తీసుకోలేం. మిగతావాటిలో చాలా ఇప్పటికీ మీ చేతుల్లో ఉన్నాయి, అందులో ఒకటి వారానికి మూడు రోజులు గ్లాసులో ఉంది. మీకు 34 ఏళ్లు. చేయడానికి బోలెడు సమయం ఉంది.

రాత్రి_డ్యూటీ | మూడో రోజు, ఉదయం

డ్యూటీ దిగి వచ్చాను. కొత్తనీరు, ఆపరేషన్ అయ్యాక స్పృహ వచ్చిందా?

మసకదారీ, నిన్నంతా ఒక సంగతి మనసులో తిరిగింది. నువ్వు తల వెనక వైపు పడ్డావు. నీకు వాసన ఎలా తెలుస్తోంది?

కొత్తనీరు | మూడో రోజు, ఉదయం

వచ్చిందక్కా. అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు.

మసకదారి | మూడో రోజు, రాత్రి

వాసనా? ముందు ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. జలుబు ఎక్కువ, అందుకే సరిగ్గా తెలియదని ఎప్పుడూ అనుకుంటాను. తర్వాత పోయిన నెల సంగతి గుర్తొచ్చింది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లగా అయిపోయింది. నేను పక్క గదిలోనే లాప్‌టాప్ ముందు ఉన్నాను. మా ఆవిడ బయటి నుంచి పరుగెత్తుకొచ్చి కేకలేసింది. ఫోన్ మాట్లాడుతున్నాను, చూసుకోలేదు అన్నాను. నేను ఫోన్ మాట్లాడట్లేదు. నాకు తెలియలేదంతే. దాన్ని కూడా మతిమరుపు లెక్కలోనే వేసుకున్నాను.

ఇందాక వంటింట్లోకి వెళ్లి కళ్లు మూసుకుని కాఫీ పొడి, సబ్బు, నిమ్మ తొక్క ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. మూడూ ఒకటే. ఉల్లిపాయ కోస్తే మాత్రం ముక్కు, కళ్లు మండాయి.

మా పాప పుట్టినప్పుడు అందరూ దాని తల వాసన చూసి మురిసిపోయేవారు. నేనూ చూసినట్టు నటించాను. ఎందుకు నటించానో అప్పుడు ఆలోచించలేదు.

రాత్రి_డ్యూటీ | మూడో రోజు, రాత్రి

ముక్కు పైకప్పులో జల్లెడలా చిల్లులున్న పల్చటి ఎముక ఉంటుంది. వాసన మోసే సన్నటి నరాల పోగులు ఆ చిల్లుల్లోంచే మెదడులోకి వెళ్తాయి. తల వెనక కొట్టుకుంటే మెదడు లోపల ఒక్కసారిగా కుదుపుకు గురై, ముందువైపున్న ఆ పోగులు తెగిపోవచ్చు. దెబ్బ వెనక, నష్టం ముందు. ఉల్లి ఘాటు మోసేది వేరే నరం, అందుకే అది తెలిసింది.

జలుబు, ముక్కులో కండ, ఇంకేవైనా కారణాలు కూడా ఉండొచ్చు, ఈఎన్‌టీ చూడాలి. న్యూరాలజీకి కూడా వెళ్లు. ఈసారి మెట్లు, మందు, పొద్దున వాంతులు, ఇప్పటి మూడు రోజులు, అన్నీ చెప్పు. ఈ చర్చలో రాసింది కాగితం మీద రాసుకెళ్లు. నిద్ర, థైరాయిడ్, విటమిన్ బీ12 కూడా చూడమని అడుగు. మందు మానడం గురించి ఒక మాట, ఇది అందరికీ. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, డాక్టర్ సాయంతోనే ఆపాలి. నువ్వు వారానికి మూడు రోజులు కొంచెం అన్నావు. ఆ కొంచెం ఎంతో డాక్టర్‌కు చెప్పు.

వేకువపిట్ట | నాలుగో రోజు

మీ ఆవిడకు ముందు చెప్పండి. గ్యాస్ లీకైతే ఇంట్లో పాప ఉంది.

మసకదారి | ఇరవై ఆరో రోజు

వేకువపిట్ట గారు ఆ మాట అన్న రోజు రాత్రే చెప్పాను. తాగి పడ్డానన్నందుకు ఆవిడ ఏమీ అనలేదు. పాలు మాడిన రోజు గురించి చాలాసేపు ఏడ్చింది. "ఆ రోజు నేను రావడం పది నిమిషాలు ఆలస్యమైతే" అని అదే మాట. మర్నాడు గ్యాస్ అలారం, పొగ అలారం తెచ్చి తనే బిగించింది.

ఎమ్మారైలో మెదడు ముందు భాగం అడుగున చిన్న పాత మచ్చ ఉంది. ఆ మాట వినగానే కుర్చీలోనే వణికాను. డాక్టర్ గారు సినిమా చూపించినట్టు తెర మీద చూపించి, ఇది ఆ రాత్రిదే, పెరిగేది కాదు అన్నారు. వాసన పరీక్షలో దాదాపు ఏమీ లేదు. ఐదేళ్లైంది కాబట్టి తిరిగి వచ్చే ఆశ తక్కువని దాచకుండా చెప్పారు. జ్ఞాపక పరీక్షలో నా వయసుకు మామూలే. శ్రద్ధ తగ్గింది. పాతమచ్చ తమ్ముడు చెప్పినట్టే. ముందు మందు ఆపి, నిద్ర సరిచేసి, ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేద్దామన్నారు.

నేను భయపడింది ఒకటి, పోయింది ఇంకొకటి. ఐదేళ్లు అది నా పక్కనే ఉంది.

అక్షరబండి | ఇరవై ఆరో రోజు

వాసన పోయినవాళ్లకు తిండి రుచించదు, మనసు కూడా దిగాలుగా ఉంటుంది. మీ దిగులులో ఒక వాటా దానిదీ కావచ్చు, డాక్టర్‌ను అడగండి. వాసన సాధన అని ఒకటుంది. గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం, ఈ నాలుగు నూనెలను పొద్దున, రాత్రి ఒక్కొక్కటీ కొన్ని సెకన్లు మనసుపెట్టి పీల్చాలి, నెలల తరబడి. జర్మనీలో హుమ్మెల్ బృందం 2009లో దీన్ని పరీక్షించి చూసింది. అప్పుడు 12 వారాలు చేయించారు. మీ విషయంలో ఆశ తక్కువే, కానీ నష్టం లేదు. పాడైన వాసన మీకు తెలియదు కాబట్టి, మిగిలిన తిండి డబ్బాల మీద తేదీ రాసిపెట్టండి.

చింతచెట్టు | ఇరవై ఏడో రోజు

చెప్పినందుకు సంతోషం. నేనూ మా తమ్ముణ్ని వాసన గురించి అడిగాను, వాడూ ఒకప్పుడు పడ్డాడు. బాగానే తెలుస్తోందట.

కొత్తనీరు | ముప్పయ్యో రోజు

తమ్ముడు ఇంటికొచ్చాడు. మాట కాస్త నిదానం, రోజూ వ్యాయామం చేయిస్తున్నారు. మసకదారి గారూ, ఈ చర్చ మీరు మొదలుపెట్టకపోతే ఆ రాత్రి నేను వాణ్ని పడుకోనిచ్చేదాన్ని.

మసకదారి | నాలుగు నెలల తర్వాత

ఎవరైనా నాలాగే వెతుక్కుంటూ వస్తారేమోనని రాస్తున్నాను. 111 రోజులుగా తాగలేదు. మొదటి మూడు వారాలు నిద్ర ఇంకా చెడిపోయింది, తర్వాత కుదురుకుంది. మాటలు ఇప్పుడు కూడా అప్పుడప్పుడూ ఆగుతాయి, కానీ చెమటలు పట్టవు. కాసేపు ఆగితే వస్తాయి.

వాసన రాలేదు. లవంగం ఘాటు తెలుస్తుంది, అది వాసన కాదని ఇప్పుడు నాకు తెలుసు. వాసన సాధన నూనె సీసాలు మాత్రం మానలేదు. పాప నా ఒళ్లో కూర్చుని నాకంటే ముందు పీల్చి, ఏది ఏదో నా చెవిలో చెబుతుంది. గులాబీ వచ్చినప్పుడు మాత్రం రెండుసార్లు చెబుతుంది, అదంటే దానికి ఇష్టం. రెండో పరీక్ష ఇంకో రెండు నెలల్లో. అయ్యాక రాస్తాను.